స్పీకరు పట్టుకున్న నక్క

నేను ఇంతకుముందు ఏదీ రాయలేదు. మా కోళ్ల షెడ్డులో తలుపు గంట మోగక జరిగిన తికమకను జంతువుల మీద పెట్టి చెబుతున్నాను. తప్పులుంటే మీరే సర్దుకోండి.

ఒక దొడ్లో కోళ్ల గూటికి కంప్యూటరు కాపలా. అది వసారాలో ఉండేది. గూటి తలుపు తెరుచుకుంటే చాలు, దానికున్న ఒక్క స్పీకరులోంచి గంట గణగణమనేది, కుక్క పరుగెత్తుకొచ్చేది. ఆ ధైర్యంతోనే కోడి పన్నెండు పిల్లల్ని పెంచుకుంటోంది.

ఒక ఉదయం నక్క వచ్చింది.

"అక్కా, మాంసం మానేశాను. ఒక్క పాట విని పోతాను."

"మానేసినవాడివి మా గూటి దగ్గరే వినాలా?"

"అడవిలో కరెంటెక్కడిదక్కా!"

కోడికి జాలేసింది. నక్క ఆ కంప్యూటరులోనే పాట పెట్టింది. చాటుగా స్పీకరు సెట్టింగులో ఏదో టిక్కు కొట్టి, పాట మధ్యలో ఆపేసి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం దాణా కోసం కోడి తలుపు తీసింది. గంట మోగలేదు. మూసి మళ్లీ తీసింది. ఊహూఁ.

"గొర్రె వదినా, దీనికి గొంతు పోయిందే!"

గొర్రె వైరు పీకి పెట్టింది. సౌండు పూర్తిగా పెంచింది. స్పీకరును అటూ ఇటూ తిప్పి, "ఎండలో పెడదామా?" అంది.

"తడిసిందా ఏంటి?"

"తడవలేదనుకో. నాకు ఇంకేం తోచట్లేదు."

"తెర మీద గంట ఊగుతోంది, చెవికి రావట్లేదు. పిచ్చెక్కుతోంది నాకు!"

నెమరేస్తూ వచ్చిన ఎద్దు తెర వైపు చూసింది. "ఈ పాటెవరిదమ్మా?"

"నక్కది మావయ్యా. ఆగిపోయిందిగా."

"ఆగింది, కానీ స్పీకరును వదల్లేదు. ఇదిగో, 'ఒక్కరికే ఇవ్వు' అన్నచోట టిక్కు."

"మోగని పాటకు స్పీకరెందుకు?"

"మోగడానికి కాదు. నీ గంట మోగకుండా ఉండడానికి."

కోడి గబుక్కున పిల్లల్ని రెక్కల కిందికి లాక్కుంది. ఎద్దు టిక్కు తీసేసింది. "ఇక పాటా వస్తుంది, గంటా వస్తుంది. కలిసే వస్తాయి."

"కలిస్తే ఏది ఏదో తెలుస్తుందా?" గొర్రెకు ఇంకా అయోమయమే.

"పెళ్లిలో మేళం మోగుతుంటే, ఎవరైనా గట్టిగా పిలిస్తే వినబడదా నీకు?"

పొద్దు వాలేవేళకు నక్క వచ్చింది. తన అలికిడి తెలియకుండా పాట గట్టిగా పెట్టి, గూటి తలుపు నెట్టింది. పాటలోంచే గంట గణగణమంది.

"ఇదేంటి, స్పీకరు నాదేగా!" అంటూ తెల్లబోయి నిలబడింది. అలా నిలబడినంతసేపట్లో కుక్క వచ్చి తోక దొరకబుచ్చుకుంది. నక్క సగం తోకతో అడవి దారి పట్టింది.

పదిమందీ మాట్లాడే దారిని ఒక్కరికే అప్పగిస్తే, ఆపదలో మన అరుపు మనకే వినబడదు.

ఇది రాసిన మర్నాడు పొద్దున్నే షెడ్డుకు వెళ్లి, దాణా వేయకముందే తలుపు ఒకసారి తీసి చూశాను. గంట మోగింది. మళ్లీ మూసి, ఇంకోసారి తీశాను.