ఎవరి మానిక

హాషిమ్‌కు మూడు రోజులుగా రొట్టె సయించడం లేదు. జబ్బేమీ కాదు. కారణం నజీబ్.

ఇద్దరూ ఫకీరు షేక్ ఇమాదుద్దీన్ శిష్యులే. హాషిమ్‌ది కొండ కనుమకు ఉత్తరాన ఉప్పు దేశం, నజీబ్‌ది దక్షిణాన గోధుమల దేశం. ఆ రెండు దేశాలూ తరతరాలుగా ఒకదాని సరుకు మీద ఒకటి సుంకాలు వేసుకుని, ఒకదాని కొలతను ఒకటి దొంగకొలత అని తిట్టుకుని, చివరికి విసిగిపోయాయి. సుంకాలు ఎత్తేసి, కనుమ మీద ఒకే సంత పెట్టుకుందామనుకున్నాయి. మానిక ఉప్పుకు మానిక గోధుమలు. అంతవరకు కుదిరింది. ఆ మానిక ఏ దేశానిదన్న దగ్గర బండి ఆగిపోయింది. తేల్చుకు రమ్మని రాజులిద్దరూ ఈ శిష్యులను కనుమ మీద ఉంటున్న గురువు దగ్గరికి పంపారు. మంచు ముంచుకొస్తే కనుమ మూసుకుపోతుంది. ఇక చలికాలమంతా ఉత్తరాన పిల్లలకు రొట్టె ఉండదు, దక్షిణాన కూరలో ఉప్పు ఉండదు.

నజీబ్ తెచ్చిన మానిక ఇత్తడిది, తళతళలాడుతోంది. వర్తకులు దాన్ని చేతిలోకి తీసుకుని మరీ మెచ్చుకుంటున్నారు. హాషిమ్‌ది అక్రోట్ చెక్కతో చేసింది. దాని మీద రాజముద్ర ఉన్నా ఎవరూ ముట్టుకోలేదు. పైగా గురువుగారు నజీబ్ భుజం తట్టారు. అది చూసి హాషిమ్ కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాడు. ఆయన తన భుజమూ తట్టారు గాని, అది లెక్కలోకి రాలేదు.

నాలుగో రోజు పొద్దున్నే సన్నగా మంచు రాలడం మొదలైంది. వర్తకులు కంచరగాడిదలను వెనక్కి మళ్ళించే ఆలోచనలో పడ్డారు. గురువు, నజీబ్ కూర్చున్న చోటికి హాషిమ్ విసవిసా వచ్చాడు. నజీబ్ మానిక పిడికెడు పెద్దదనీ, దానికి ఒప్పుకుంటే తన దేశపు ఉప్పు కొండలు కరిగిపోతాయనీ మొరపెట్టుకున్నాడు.

షేక్ లేచారు. నజీబ్ మానికతో ఒక మానిక ఉప్పు, ఒక మానిక గోధుమలు కొలిచి బండరాయి మీద పోశారు. ఆ పక్కనే హాషిమ్ మానికతోనూ అలాగే పోశారు.

“ఎవరు నష్టపోయారు?”

హాషిమ్ తలదించుకున్నాడు. రెండు సరుకులనూ ఒకే దానితో కొలిస్తే అది పెద్దదైనా చిన్నదైనా ఒకటే. ఆ సంగతి అతనికి ముందే తెలుసు.

“ఎవరూ నష్టపోలేదు బాబా. అయినా వాడి మానిక కాకూడదు.”

“నీదైతే?”

“నాదైతే ఫర్వాలేదు.”

నజీబ్ నవ్వలేదు. తన మనసులోనూ అదే మాట ఉంది కాబోలు.

షేక్ భుజానికి వేలాడుతున్న భిక్షాపాత్ర తీసి వర్తకుల మధ్య పెట్టారు. అది వాడి వాడి నల్లబడ్డ సొరబుర్ర. దాన్ని చూసి కుళ్ళుకునేవాడు లోకంలో ఇంకా పుట్టలేదు. ఇక నుంచి దీనితో కొలుచుకోండి అన్నారు. మరి మీరు దేనిలో భిక్ష తీసుకుంటారని ఒక వర్తకుడు అడిగితే, హాషిమ్ చేతిలోని మానిక అందుకున్నారు.

హాషిమ్ ఛాతీ ఉప్పొంగింది. గురువుగారు తనదే తీసుకున్నారు. నజీబ్ ముఖం ఎంత మాడిపోయిందో చూద్దామని ఆత్రంగా అటు తిరిగాడు.

గురువు అప్పటికే నజీబ్ ముందు నిలబడి భిక్ష అడుగుతున్నారు. నజీబ్ తన బస్తా విప్పి, దోసిళ్ళతో గోధుమలు తీసి, ఉత్తరదేశపు రాజముద్ర ఉన్న ఆ మానికను పొర్లిపోయేదాకా నింపాడు. అతని ముఖం ఏమీ మాడలేదు.

షేక్ దాన్ని తెచ్చి హాషిమ్ ముందు పట్టుకున్నారు.

“నిండిందా?”

“నిండింది బాబా.”

“పోసింది ఎవరని ఇది అడగలేదు బేటా.”

హాషిమ్ వెళ్ళి తన ఉప్పు బస్తా మూతి విప్పాడు. సొరబుర్ర నిండా ముంచి, తన చేత్తోనే నజీబ్ సంచిలో పోశాడు.