చాలనేవరకు

పిల్లలూ, ఈ కథ మీకు ఇంతవరకూ చెప్పలేదు. ఇక్కడి హోటళ్లలో బోర్డు మీది అంకెలు చూసి మీరు తిండి ఎంచుకుంటుంటే, ముందే చెప్పి ఉండాల్సింది అనిపించింది.

నరసరావుపేటలో సన్నాయి నేర్పే నన్నేసాహెబ్ గారు, శిష్యులు ఏదడిగినా జవాబు చెప్పేవారు కాదు. ఏదో ఒక పని పురమాయించేవారు. ఆయన శిష్యుడు పున్నారావుకు ఆ శనివారం తొలి కచేరీ. తీరా చూస్తే, సాధనలో ఎత్తుకున్న రాగం సగంలోనే ఊపిరి తెగిపోతోంది. బజారులో కొత్తగా వెలిసిన బర్గర్ల షాపులో ప్రతి పేరు పక్కనా క్యాలరీలు రాసి ఉండేవి. తక్కువ తింటేనే మంచిదనుకుని పున్నారావు అన్నిటికన్నా చిన్న అంకె వెతికి, అదొక్కటే తిని రోజు గడిపేవాడు. దాని ధరకు బయట రెండు భోజనాలు వచ్చేవి.

"గురువుగారూ, మనిషి ఎంత తినాలి?" అని ఓ పొద్దున అడిగాడు.

"సామ్రాజ్యమ్మ తన మెస్సుకూ అంకెల బోర్డు కావాలంటోంది. రాసిపెట్టి రా" అన్నారాయన.

పున్నారావు సుద్దముక్కతో వెళ్లాడు. ఇడ్లీ, పెసరట్టు, పూరీ, అన్నీ తూచి, ఫోన్‌లో చూసి అంకెలు వేశాడు. ఫుల్ మీల్స్ దగ్గర చెయ్యి ఆగింది.

"పిన్నీ, ఎంత వడ్డిస్తావు?"

"ఎవరికి?" అందామె.

మిల్లులో బస్తాలు మోసే ఏసోబు నాలుగోసారి అన్నం పెట్టించుకుంటున్నాడు. పక్కనున్న రిటైరైన పోస్టుమాస్టరు రెండో గరిటెకే విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టాడు. ఇద్దరూ కొన్నది ఒకే ధర టోకెను.

"సరాసరి కట్టి రాయనా?"

"రాయి నాయనా. ఏసోబు ఆకలితో లేస్తాడు, మాస్టారు కడుపు పట్టుకుని లేస్తారు!"

ఏసోబుకు నవ్వబోతే పొలమారింది.

"ముందు నువ్వు కూర్చో. నీకెంతో చూసి రాద్దాం" అంటూ ఆమె విస్తరి వేసింది. అన్నం పడకముందే పున్నారావు చెయ్యి అడ్డం పెట్టాడు.

"చెయ్యి తియ్యరా! పెట్టకుండానే చాలంటావేంటి? మాస్టారు తిని చాలన్నారు."

చెయ్యి తీశాడు. వేడి అన్నంలో గోంగూర, దానిమీద నెయ్యి. ఆ తర్వాత పప్పు, చారు. పెరుగన్నం రెండోసారి వడ్డించబోతుంటే, "చాలు పిన్నీ" అన్నాడు. ఆ మాట తనకే కొత్తగా వినిపించింది. చెయ్యి కడుక్కుని, ఆగిన చోట రాశాడు: ఫుల్ మీల్స్ – చాలనేవరకు.

అప్పట్నుంచి పూటపూటా అక్కడే తిన్నాడు. శనివారం అతని రాగం ఎక్కడా తెగలేదు. ముందు వరసలో ఏసోబు చప్పట్లకు సన్నాయి కూడా వినపడలేదు.

మర్నాడు నన్నేసాహెబ్ గారు మెస్సుకు వచ్చి, బోర్డంతా చదివి, శిష్యుణ్ణి చూసి నవ్వారు.

"చేతిరాత నీదే. చెప్పిందెవరు?"

ఇడ్లీ, పెసరట్టు పక్కన అంకెలు చెరపమని ఆయన అనలేదు. అదీ గుర్తుంచుకోండి. ఈ కథ మీ వాళ్లకూ చెప్పండి. ముందు అన్నం పెట్టి, ఆ తర్వాత చెప్పండి.