కాశీలో సుంకమ్మ సంగటి

గుట్టకిందపల్లిలో సుంకమ్మకు ఇద్దరు కొడుకులు. పెద్దోబులేసు, చిన్నోబులేసు. ముగ్గురికీ తమ తెలివంటే మహా నమ్మకం. ఊళ్ళోవాళ్ళు తమను చూసి నవ్వుకుంటుంటే, మన తెలివికి మురిసిపోతున్నారని అనుకునేవాళ్ళు.

ఆ ముగ్గురూ కాశీకి బయల్దేరారు. రైల్లో ఎవరో పుణ్యాత్ముడు "ఆ సంచి మీద ఓ కన్నేసి ఉంచండి, దొంగలుంటారు" అన్నాడు. అంతే, పెద్దోడు ఒక కన్ను చేత్తో మూసుకుని, రెండో కన్ను సంచి మీద పెట్టి కూచున్నాడు. ఆ కన్ను అలిసిపోతే చిన్నోడు తన కన్ను పెట్టాడు. సంచి భద్రంగా కాశీలో దిగింది. పక్కనే ఉన్న రాగిపిండి మూటను మాత్రం దారిలో ఎవరో దించుకుపోయారు. మూట మీద కన్నెయ్యమని ఎవరూ చెప్పలేదు కదా అని ముగ్గురూ తృప్తిపడ్డారు.

కాశీలో సత్రం బాగుంది, గంగ బాగుంది. సుంకమ్మకు తిండే బాగాలేదు. పూరీ పెడితే, లోపలంతా గాలే ఉందని పక్కన పెట్టేసింది. కూర తియ్యగా ఉందని ముట్టలేదు. పెరుగు కూడా తియ్యగా ఉండేసరికి ఆమెకు ఏడుపొచ్చింది. బుద్ధెరిగినప్పటి నుంచీ రాగి సంగటి తిన్న మనిషి. వేడి ముద్దకు గుంట చేసి, అందులో చెనిక్కాయల చట్నీ వేసుకుని, తుంచి నమలకుండా గుటుక్కున మింగితేనే ఆమెకు అన్నం తిన్నట్టు. ముఖం పీక్కుపోయి గోడకు ఆనుకుంది.

"నాయనా, యాడన్నా ఒక్క సంగటి ముద్ద తెచ్చి పెట్టండ్రా. లేకుంటే ఈడ్నే పోయేట్టుండాను" అంది.

 కొడుకులు తెలుగు వచ్చిన సత్రం గుమాస్తా దగ్గరికి పరిగెత్తారు.

"ఈ ఊళ్ళో సంగటెక్కడయ్యా? తెలుగువాళ్ళెవరైనా కనిపిస్తే పట్టుకోండి, వదలకండి. వాళ్ళకేమైనా తెలుస్తుందేమో" అన్నాడాయన.

ఇంకేముంది! గంగ ఒడ్డున ఒకాయన ఫోన్లో తెలుగు మాట్లాడుతూ కనిపించాడు. పెద్దోడు పోయి కుడిచెయ్యి పట్టుకున్నాడు, చిన్నోడు ఎడమచెయ్యి పట్టుకున్నాడు.

"ఎవరండీ మీరు? ముందు చెయ్యి వదలండి!"

"వదిలేది లేదు సామీ. వదలద్దని చెప్పినారు."

పాపం, ఆయన తండ్రికి పిండాలు పెట్టడానికి తుని నుంచి వచ్చినవాడు. విదిలించాడు, తిట్టాడు, బతిమాలాడు. లాభం లేక ఇద్దరినీ తగిలించుకునే మంగలి ముందు కూచున్నాడు. మంగలికి తెలుగు రాదు. చేతులు పట్టుకుని వచ్చారంటే అన్నదమ్ములే అనుకున్నాడు. అంతే, ముగ్గురికీ గుండ్లు కొట్టేశాడు.

"అన్నా, సంగటికి గుండెందుకు?" అన్నాడు చిన్నోడు నెత్తి తడుముకుంటూ.

"ముద్దలో వెంట్రుక పడకుండా ఉండేదానికిరా. ఈ ఊళ్ళో ఎంత శుభ్రమో చూడు!"

మెట్లు దిగితే, అక్కడొక తెలుగు పంతులు పిండి కలిపి ముద్దలు చేస్తున్నాడు. గుండ్రటి ముద్దలు! అన్నదమ్ములు తుని ఆయన్ని అప్పుడు వదిలారు.

"సామీ, మాకూ ముద్దలు కావల్ల."

"ఎవరికి నాయనా?"

"మా యమ్మకు. సుంకమ్మ."

పంతులు రెండు గుండ్లనూ చూసి, "అయ్యో, కూచోండి" అన్నాడు. మంత్రాలు చదివాడు, నీళ్ళు వదిలించాడు. సంగటి చెయ్యడానికి ఇంత తతంగమా అని పెద్దోడికి విసుగొచ్చింది. "చట్నీ లేదా సామీ?" అని అడిగితే పంతులు పరధ్యానంగా ఇన్ని నువ్వులు చల్లాడు. చివరికి ముద్దలు కండువాలో కట్టుకోబోతే ఆపాడు.

"అవి గంగలో వదలండి. నేరుగా మీ అమ్మకే చేరతాయి."

"మేం మోసే పనే లేదా?"

"లేదు. ఇక ఆ తల్లికి ఆకలీ ఉండదు, దప్పికా ఉండదు."

ఇద్దరూ నోరెళ్ళబెట్టారు. తమ ఊళ్ళో పక్కింటికి గిన్నెడు పులుసు పంపాలన్నా ఒక మనిషి మొయ్యాలి. కాశీ కాశీయే అనుకుని, ముద్దలు నీళ్ళల్లో వదిలేసి, చేతులూపుకుంటూ సత్రానికి వచ్చారు.

ఈలోగా సత్రంలో పక్క గదిలో కదిరి వైపు వాళ్ళు దిగారు. స్టవ్వూ, రాగిపిండీ వెంట తెచ్చుకున్నారు. వాళ్ళలో లింగమ్మ అనే ఆమె సుంకమ్మ అవస్థ చూసి, సంగటి కెలికి, పొగలు కక్కే ముద్ద మీద చట్నీ వేసి పళ్ళెం చేతికిచ్చింది. సుంకమ్మ కళ్ళు చెమర్చాయి. మొదటి తునక తుంచింది. సరిగ్గా అప్పుడు కొడుకులు వచ్చారు.

"అమ్మా, ముద్దలు చేరినాయా?"

"ఏం ముద్దల్రా? ఆ గుండ్లేందిరా?"

జరిగిందంతా గొప్పగా చెప్పారు. సుంకమ్మ చేతిలో తునక చేతిలోనే ఆగిపోయింది.

"ఒరే, అట్లా చేసేది చచ్చిపోయినోళ్ళకు కదరా!"

పెద్దోడు బావురుమన్నాడు. "అయితే నువ్వు చచ్చిపోయినావామ్మా?"

"ఏమో నాయనా, నాకెవురూ చెప్పలేదే. పొద్దున్నుంచీ రోంత నీరసంగా ఉంటే, ఆకలేమో అనుకుంటి."

లింగమ్మ అదిరిపడింది. "ఏంది పెద్దమ్మా! నిక్షేపంగా మాట్లాడతాండావు కదా! తిను, చల్లారిపోతాది."

"కాశీ పంతులు తప్పు చేస్తాడామ్మా?" అంది సుంకమ్మ దిగులుగా. కానీ సంగటి వాసన ముక్కుకు తగులుతోంది. నోట్లో నీళ్ళూరుతున్నాయి. చచ్చినా సరే అని తునకను నోటిదాకా తెచ్చింది. చిన్నోడు చెయ్యి పట్టుకున్నాడు.

"అమ్మా, చచ్చినోళ్ళు చేత్తో తినరు. కాకి తినల్ల. కాకి తింటే నువ్వు తిన్నట్టే."

సుంకమ్మ ఆలోచించింది. నిజమే, తన ముసలాయన పోయినప్పుడూ అట్లాగే పెట్టారు. పళ్ళెం తీసుకుపోయి పిట్టగోడ మీద పెట్టి వచ్చింది. లింగమ్మ నెత్తి కొట్టుకుంది. ముగ్గురూ చేతులు కట్టుకుని దూరంగా నిలబడ్డారు.

కాకి వచ్చింది. అది పొడిచినప్పుడల్లా సుంకమ్మ గుటకలు మింగింది. ముద్ద అయిపోయింది, చట్నీ అయిపోయింది. కాకి గోడకు ముక్కు రాసుకుని ఎగిరిపోయింది.

"కడుపు నిండిందామ్మా?" అని అడిగారు కొడుకులు ఆత్రంగా.

సుంకమ్మ కొంగుతో మూతి తుడుచుకుంది.

"నిండింది నాయనా. చట్నీలోనే రోంత ఉప్పు తక్కువైంది."