చెంబుడు నీళ్ళు

ఎలీషాకు ఒక సంగతి అంతుబట్టేది కాదు. ముప్పై ఏళ్ళుగా గోదావరి లంకల్లో సంఘకాపరిగా సేవ చేస్తున్న ఆశీర్వాదం అయ్యగారు నరకం గురించి ఒక్కసారి కూడా ప్రసంగించలేదు. విత్తనాల గురించి చెబుతారు, రొట్టె గురించి చెబుతారు, తప్పిపోయిన గొర్రె గురించి చెబుతారు. జనం తలలాడిస్తూ విని, ఇళ్ళకెళ్ళి అన్నాలు తింటారు. ఎవరూ ఏడవరు.

ఎలీషా సంగతి వేరు. అయ్యగారి దగ్గర శిష్యుడిగా చేరి రెండేళ్ళే అయినా అతని గొంతుకి చుట్టుపక్కల అప్పుడే పేరొచ్చింది. ఆ వేసవిలో మూడు రోజుల సువార్త కూటాలు పెడితే, అయ్యగారు ప్రసంగాలన్నీ అతనికే అప్పగించారు. మూడు రోజులూ నరకమే చెప్పాడు. ఆరిపోని మంట, అంగిలికి అంటుకుపోయే నాలుక, చుక్క నీటికోసం కేకలు. చివరి రోజున నలభై ఒక్కమంది ఏడుస్తూ ముందుకొచ్చి మోకరించారు. అందరి పేర్లూ బాప్తిస్మానికి రాసుకున్నాడు.

రెండు రోజుల తర్వాత పొద్దున టీ తాగుతూ అడిగేశాడు.

"తప్పుగా అనుకోకండి అయ్యగారూ. ఇన్నేళ్ళలో మీరు నరకం ఎందుకు చెప్పలేదు? చెప్పుంటే ఈపాటికి లంకలన్నీ సంఘంలోకి వచ్చేసేవి కదా."

అయ్యగారు గ్లాసు కింద పెట్టి చెప్పులు వేసుకున్నారు.

"పద. నీ వాళ్ళని చూసొద్దాం."

మొదటి ఇల్లు సింహాద్రిది. రోజూ తాగొచ్చి పెళ్ళాన్ని కొట్టే మనిషి. ఆ పొద్దున మాత్రం తలస్నానం చేసి అరుగుమీద బుద్ధిగా కూర్చున్నాడు.

"మానేశానండి. గ్లాసు పట్టుకుంటే చిన్నయ్యగారి గొంతే వినబడుతోంది" అన్నాడు.

అతని భార్య ఎలీషా చేతులు పట్టుకుని కళ్ళకద్దుకుంది.

"మంచి పని జరిగింది" అన్నారు అయ్యగారు. మనస్ఫూర్తిగానే అన్నారు.

అక్కణ్ణుంచి ఎలీషా అయ్యగారికంటే ఒక అడుగు ముందు నడిచాడు.

రెండో ఇల్లు రేవు పక్కన. దీనమ్మ అనే విధవరాలిది. వాకిట్లో వల బాగుచేసుకుంటున్నదల్లా లేచి చాప పరిచింది. వాళ్ళు కూర్చున్నా తను కూర్చోలేదు.

"చిన్నయ్యగారండీ, మొన్న మీరు చెప్పిందంతా నిజమేనాండి?"

"దేవుని వాక్యం అమ్మా. ఒక్క అక్షరం నాది కాదు."

"బాప్తిస్మం లేకుండా పోయినోళ్ళంతా ఆ మంటలోనే ఉంటారన్నారు."

"అవునమ్మా."

"అయితే మా ఆయన అక్కడే ఉన్నాడన్నమాట."

ఎలీషా గొంతు తగ్గించి అడిగాడు. "ఆయన ఎప్పుడూ ప్రార్థనకి రాలేదా?"

"గుమ్మం తొక్కలేదండి. ఆదివారం నన్ను రేవు దాటించి, ఆరాధన అయ్యేదాకా పడవలోనే పడుకునేవాడు. మూడేళ్ళ కిందట వరదొచ్చినప్పుడు ఆ పడవతోనే పదకొండు మందిని గట్టుకి చేర్చాడు. పాకమీద ఒక ముసలాయన ఉండిపోయాడంటే మళ్ళీ వెళ్ళాడు. పడవ దొరికింది. ఆయన దొరకలేదు. ఆ పదకొండు మందిలో నలుగురు మొన్న మీ కూటాలకి వచ్చారు బాబూ."

ఆ మాట అంటున్నప్పుడు ఆమె మెడ నిటారుగా ఉంది. గొంతులో ఏడుపు లేదు, గర్వమే ఉంది.

"నేను మాత్రం పరలోకానికి పోతానన్నారు కదా. అక్కణ్ణుంచి ఒక్కసారి కిందికి దిగనిస్తారాండి?"

"దేనికమ్మా?"

"చెంబుడు నీళ్ళు ఆయనకిచ్చి రావడానికి."

జనమంతా నిశ్శబ్దంగా తన మాటకోసం ఎదురుచూడటం ఎలీషాకు అలవాటే. ఈ ఒక్క మనిషి ఎదురుచూపు మాత్రం కొత్తగా ఉంది. తనకు తెలిసిందే చెప్పాడు.

"మధ్యలో పెద్ద అగాధం ఉందమ్మా. ఇటువాళ్ళు అటు పోలేరు."

దీనమ్మ వలని చుట్టి పక్కన పెట్టింది.

"అలాగైతే నా పేరు తీసేయండి బాబూ. ఆయన అక్కడ దాహంతో అల్లాడుతుంటే నేను పైన కూర్చుని పాటలు పాడలేను. ఆయన దగ్గరికే పోతాను. మంటంటే నాకు భయం లేక కాదండి. మొన్న ముందుకొచ్చింది ఆ భయంతోనే. ఇంటికొచ్చాక ఆలోచిస్తే సిగ్గేసింది."

ఎలీషా అయ్యగారివైపు తిరిగాడు. ఆమెకు వాక్యం వివరించి, మందలించి, దారిలో పెడతారనుకున్నాడు.

అయ్యగారు చాపమీంచి కదిలారు. నొప్పెట్టే మోకాళ్ళని ఒకదాని తర్వాత ఒకటి మట్టిమీద ఆనించి, దీనమ్మ ముందు తల వంచారు.

"అమ్మా, నా తలమీద చెయ్యి వేసి దీవించు."

ఆమె కంగారుపడి వెనక్కి జరిగింది. "అదేంటండి అయ్యగారూ. నాకు సరిగ్గా ప్రార్థన చెయ్యడం కూడా రాదు."

"మీ ఆయన పేరు తలుచుకుని వెయ్యి. చాలు."

చేపల వాసన పట్టిన ఆ చెయ్యి ఆయన నెరిసిన జుట్టుమీద ఆనింది. పెళ్ళైన నాటినుంచీ మొగుడి పేరు నోటితో పలకని మనిషి, ఆ పూట పలికింది.

"నూకరాజు" అంది.

"ఆమెన్" అన్నారు అయ్యగారు.

తిరుగుదారిలో ఎలీషా వెనకే నడిచాడు. గట్టు ఎక్కాక అయ్యగారు ఊపిరి తీసుకోవడానికి ఆగితే అడిగాడు.

"ఆమె పరలోకమే వద్దంది కదా అయ్యగారూ. మరి మీరు ఆమె ముందు మోకరించారేంటి?"

అయ్యగారు మోకాళ్ళకంటిన మట్టి దులుపుకున్నారు.

"పరలోకం వదిలేసి కిందికి దిగుతానన్నవాళ్ళని నేను ఇద్దరినే ఎరుగుదును ఎలీషా. మొదటాయన పేరుమీదే నువ్వు ప్రసంగాలు చేస్తున్నావు."