తెల్లేటి లోయలో తోడమ్మ తల్లి వెలసిన వైనం

తెల్లేరు సముద్రంలో కలిసే చోట, రేవుపాలెం ఇసుకతిన్నెల మీద తోడమ్మ తల్లి నడకదారి మొదలవుతుంది. సరుగుడు తోటల పక్కగా అలల చప్పుడు వింటూ కొంతదూరం సాగి, ఆపైన ఏటి వెంట లోయలోకి తిరుగుతుంది. ఒకవైపు కొండవాలు, మరోవైపు బాగా దిగువన తెల్లని ఇసుకలో పారే ఏరు. లోయ దాటితే చెట్టూ చేమా లేని గడ్డిమెట్ట. అక్కడ గాలి తప్ప మరేదీ వినిపించదు. చంటిబిడ్డను చంకనెత్తుకున్న తల్లులు, చేతికర్ర ఊతంతో వచ్చే వృద్ధులు కూడా ఉదయం బయలుదేరి ఆయాసం లేకుండా ఈ దారి నడుస్తారు. నిలువుగా ఉన్న చోట్ల రాతిమెట్లున్నాయి. కాలికి ముల్లు గుచ్చుకునే చోటంటూ లేదు.

అమ్మవారి గుడి మెట్ట పైన కాక, దానికి కొంచెం దిగువన లోయ చివరి మలుపులో ఉంది. గోపురం లేదు, ధ్వజస్తంభం లేదు. గర్భగుడిలోనిది శిల్పి చెక్కిన విగ్రహం కాదు. కూర్చున్న ఆడమనిషిలా కనిపించే నల్లరాయి, దాని ఒడిలో తలను పోలిన చిన్న గుండు. కొత్తగా వచ్చినవారు తల్లీబిడ్డలని అనుకుంటారు. ఆ ఒడిలో ఉన్నది పసిబిడ్డ కాదు, ఒక ముసలితల్లి. ఆమె కథను పూజారుల కుటుంబం తరతరాలుగా చెప్పుకుంటున్న వరుసలోనే ఇక్కడ ఇస్తున్నాము. అందులో కొంత వారి మూలపురుషునికి మచ్చ తెచ్చేదే అయినా, దాచవద్దని వారే కోరారు.

పూర్వం ఇక్కడ దారి అన్నదే లేదు. కొండవాలు నిండా తుమ్మ, రేగు, బ్రహ్మజెముడు. మెట్ట మీద పశువులు కాచుకునే గొల్లలకు మాత్రమే ఆ వాలు వెంట మేకలు నడిచే జాడ ఒకటి తెలుసు. వారిలో దాలమ్మ అనే స్త్రీ ఏటా కార్తీకంలో నెయ్యి కుండలు నెత్తిన పెట్టుకుని రేవుపాలెం దిగి, ఎండుచేపలు, ఉప్పు మార్చుకుని వెళ్లేది. ఆమెకు పిల్లలు లేరు, భర్త పోయాడు. పాలెంలో ఆమె బస ఎప్పుడూ పోలమ్మ ఇంట్లోనే. పోలమ్మ పాలెం కులపెద్ద గురన్నకు తల్లి, చూపు మందగించిన ముసలిది.

ఒక కార్తీకంలో దాలమ్మ పాలెంలో ఉండగా ఉప్పెన వచ్చింది. సముద్రం ఇళ్ల మీదికి లేచినప్పుడు పోలమ్మ వలతాడు తీసి, తనను కట్టుకున్న తాటిమానుకే దాలమ్మనూ కట్టింది. నీరు తీసేసరికి పాలెంలో సగం మంది లేరు. పడవలు పగిలిపోయాయి. బావులన్నీ ఉప్పునీళ్లయ్యాయి. ఏటి నీటిలో పశువుల కళేబరాలు తేలుతున్నాయి. ఉప్పెన వెళ్లిన మర్నాటి నుంచీ ఎండ నిప్పులు చెరిగింది.

మెట్ట మీద ఎండని ఊట ఉందని, అక్కడికి తీసుకుపోతానని దాలమ్మ చెప్పింది. అందరూ కలిసే నడవాలని, నడవలేనివారి అడుగే అందరి అడుగు కావాలని కోరింది. గురన్న ఒప్పుకున్నాడు. చచ్చినవారిని ఇసుకలో పూడ్చే ఓపిక కూడా లేక, మిగిలినవారు ఆమె వెంట బయలుదేరారు.

లోయలో సగం దూరం వచ్చేసరికి దాహానికి పిల్లల నాలుకలు పిడచకట్టాయి. దెబ్బలు తగిలినవారు, ఒక బాలింత, పోలమ్మ, మరికొందరు ముసలివాళ్లు పది అడుగులకు ఒకసారి కూలబడుతున్నారు. ఇలా అయితే ఎవరమూ బతకమని జనంలో గొణుగుడు మొదలైంది. గురన్న ఆలోచించి, నడవగలిగినవారు పిల్లలతో ముందు వెళ్లడం, ఊట నుంచి కుండలతో నీళ్లు తెచ్చి మిగిలినవారిని ఆదుకోవడం మంచిదని తీర్మానించాడు. అది తప్పుడు ఆలోచన అని ఈనాటికీ ఎవరూ అనరు.

దాలమ్మను కూడా ముందు రమ్మన్నాడు. ఆమె జాడంతా గుర్తులతో చెప్పింది. ఎంత కష్టమైనా కొండవాలు వదలవద్దని, ఎగువన మబ్బు పట్టి ఉంది గనుక ఏటి ఇసుకలోకి దిగవద్దని మరీ మరీ చెప్పింది.

"నువ్వు రాకపోతే మాకు దారెలా తెలుస్తుంది?" అన్నాడు గురన్న.

"మీకు దారి చెబితే చాలన్నా. వీళ్లకి చెబితే చాలదు, తోడుండాలి" అంది దాలమ్మ.

పోలమ్మ కొడుకు చేయి తడిమి పట్టుకుని, పిల్లల ప్రాణం ముందు చూడమంది. సాయంత్రానికల్లా నీళ్లతో వస్తానని గురన్న ఆమెకు మాట ఇచ్చాడు.

ముందు వెళ్లినవారికి ముళ్లు నరకడానికి కత్తులు లేవు. పిల్లల కాళ్లు నెత్తురు ముద్దలయ్యాయి. కింద ఏటి ఇసుక పరుపులా చదునుగా కనిపిస్తోంది. దిగుదామని జనం అడిగారు. గురన్న వద్దన్నాడు. మళ్లీ అడిగారు, మళ్లీ వద్దన్నాడు. చివరికి అతని భార్యే కూతురిని అతని చేతుల్లో పెట్టి, దాని పాదాలు చూసి చెప్పమంది. గురన్న చూశాడు. అందరినీ ఇసుకలోకి దింపాడు.

కొంతసేపు నడక హాయిగా సాగింది. తరువాత ఎగువ కొండల్లో కురిసిన వాన ఒక్క పెట్టున ఏరై వచ్చింది. బండను పట్టుకోగలిగిన కొద్దిమంది మిగిలారు. గురన్న మిగిలాడు. అతని చేతుల్లోని కూతురు, పక్కనున్న భార్య మిగలలేదు.

బతికినవారు పాకుతూ మెట్ట చేరారు. గొల్లలు వారికి ఊటనీరు, మజ్జిగ తాగించి, కుండలు నింపి పక్కన పెట్టారు. మిగిలినవారు ఒళ్లు తెలియకుండా పడిపోయారు. వెనుక ఎవరైనా ఉన్నారా అని అడిగితే గురన్న బదులు చెప్పలేదు. వెళితే తల్లి మొదట మనుమరాలి గురించే అడుగుతుంది. ఆ మాట వినే ధైర్యం అతనికి లేదు. నిండు కుండల పక్కన, మోకాళ్ల మధ్య తల పెట్టుకుని ఆ సాయంత్రమూ, మర్నాటి పగలూ కూర్చున్నాడు. దాలమ్మ ఏదని ఆమె అన్న నిలదీసి అడిగాక గాని నోరు విప్పలేదు.

గొల్లలు నీళ్లతో పరుగున దిగారు. ఊటకు ఎడంగా, మెట్ట అంచున ఒక బండ చాటున బాలింత, ఆమె బిడ్డ, దెబ్బలు తగిలినవారు, మిగతా ముసలివాళ్లు ప్రాణాలతో కనిపించారు. దాలమ్మ ఒక్కొక్కరినే వీపున మోసుకుని అక్కడికి చేర్చిందని, చివరగా పోలమ్మ కోసం మళ్లీ దిగిందని వారు చెప్పారు. ఇంకో సంగతి కూడా చెప్పారు. వరద వచ్చినప్పుడు వారంతా కొండవాలు నుంచి చూశారు. కొట్టుకుపోతున్నది తమవాళ్లేనని పోల్చుకున్నారు. పోలమ్మకు మాత్రం చూపు ఆనలేదు. ఆ చప్పుడేమిటని ఆమె అడిగితే, ఏరు వచ్చిందని మాత్రమే దాలమ్మ చెప్పింది. కొడుకు వచ్చాడా అని ముసలిది అడిగినప్పుడల్లా ఒకే మాట అనేదట.

"వస్తున్నాడమ్మా. పిల్లలకి నీళ్లు పట్టి వస్తున్నాడు."

గొల్లలు లోయ చివరి మలుపుకు చేరేసరికి దాలమ్మ కొండకు వీపు ఆనించి కూర్చుని ఉంది. పోలమ్మ తల ఆమె ఒడిలో ఉంది. ఇద్దరిలోనూ ఊపిరి లేదు. ఆ చోట కొండ నిటారుగా తెగి ఉంటుంది. కింద ఏరు నిండుగా పారుతున్నా చూడటమే గాని అందుకోవడం లేదు. దాలమ్మ శరీరాన్ని కడిగిన స్త్రీలకు ఆమె పక్కటెముకలు విరిగి ఉన్నట్టు తెలిసింది. ఉప్పెనలో తాటిమానుకు కొట్టుకున్నప్పటి దెబ్బ అది. ఆమె ఎవరితోనూ అనలేదు.

ఇద్దరినీ అక్కడే ఒకే గోతిలో ఉంచారు. గురన్న అన్నం మానేసి ఆ గోతి పక్కనే పడి ఉన్నాడు. ఒక మిట్టమధ్యాహ్నం అతనికి మగత కమ్మింది. కలలో దాలమ్మ నెయ్యి కుండ నెత్తిన పెట్టుకుని ఎదురుగా నిలబడింది. తనను కూడా తీసుకుపొమ్మని అతడు కాళ్లు పట్టుకున్నాడు.

"చావడం తేలికన్నా" అంది ఆమె. "దారి చెయ్యి. ఇంకెవ్వరూ ఇసుకలోకి దిగే పని పడకూడదు."

గురన్న లేచి గొల్లలను పలుగు అడిగి తీసుకున్నాడు. ఆనాటి నుంచి అతడు వల పట్టలేదు. ముళ్లు కొట్టాడు, బండలు దొర్లించాడు, మెట్లు పేర్చాడు. ఆ మలుపులో తవ్వుతుండగా నేడు మనం పూజించే నల్లరాయి బయటపడింది. దానిని చూసి అతడు ఏడవలేదని, నీడ కోసం తన పైపంచె తీసి దాని మీద కప్పాడని చెబుతారు. జనం తోడమ్మ అని కొలవసాగారు. ఉప్పెన తరువాత మెట్ట మీదే స్థిరపడిన బంధువుల బిడ్డనొకణ్ణి అతడు పెంచుకున్నాడు. పూజారులు ఆ పెంపుడు కొడుకు సంతతి. గురన్న మాత్రం బతికినన్నాళ్లూ గుడి లోపల అడుగు పెట్టలేదు. అతనికి శాంతి దొరికిందని ఈ కథలో ఎక్కడా లేదు. దారి సముద్రం దాకా పూర్తయిన ఏడాదే ఇసుకతిన్నెల దగ్గర, చివరి మెట్టు మీద వాలిపోయి కనిపించాడు.

ఏటా మార్గశిర మాసంలో జరిగే నడకలో అందరికంటే నెమ్మదిగా నడిచేవారిని ముందు ఉంచుతారు. వారిని దాటి ఎవరూ వెళ్లకూడదు. పూజారి కుటుంబం అందరికంటే వెనుక నడుస్తుంది. భక్తులు గుడి ముందు ఆగకుండా నేరుగా మెట్ట ఎక్కి, ఊటలో చెంబు ముంచుకుంటారు. ఎంత దాహమైనా ముందుగా తాగరు. ఆ నీళ్లతో మలుపు దాకా తిరిగి దిగి, అమ్మ ఒడిలోని ముసలితల్లి శిరస్సు మీద పోస్తారు. పోసేటప్పుడు మంత్రం లేదు. ఏ కులం వారైనా, ఏ ఊరి వారైనా వంగి ఆమె చెవి దగ్గర ఒక్క మాట అంటారు. "అమ్మా, వచ్చాను."

తోడమ్మను సిరులు అడిగే వాడుక లేదు. ఈ నీళ్లు పోసినవారి కన్నవాళ్లు చివరి ఘడియలో ఒంటరిగా ఉండరని మాత్రం ఈ లోయ నమ్ముతుంది. ఆ నీళ్లు పోశాకే, గుడి మెట్ల మీద కూర్చుని, భక్తులు తమ దాహం తీర్చుకుంటారు.