ఎర్రపోగుల చాప

కొండకి పేరు పెట్టకముందు, ఏటికి వంతెన కట్టకముందు, ఒక ఊళ్ళో అసిరమ్మ అని తుంగచాపలల్లే మనిషి ఉండేది. ఆమె తల్లికి మరపు జబ్బు పట్టింది. కన్నకూతుర్నే "ఎవత్తివే నువ్వు, నా ఇంట్లో?" అనేది. తిన్న కంచం ముందే కూర్చుని, అన్నం పెట్టలేదని ఏడ్చేది. నిద్రలేక కళ్ళు మండి ఒకనాడు అసిరమ్మ తల్లిని కొట్టింది. మూడోనాడు తల్లి పోయింది. కొట్టిన చెయ్యి మిగిలింది.

ఈ పాపం నా ఒక్కదానిదేనా, అందరి ఇళ్ళల్లోనూ ఉందా? తేల్చుకోవాలని బయలుదేరింది. ఇంటింటికీ వెళ్ళింది, ఊరూరా తిరిగింది. మరపు పట్టిన పెద్దలున్న ఇంట్లో కోడలి చేతిలో రోకలి అందుకునేది. దంచుతూ మూడు మాటలడిగేది.

"ఏం మరిచిపోయారు?" చెప్పేవాళ్ళు.

"ఏం గుర్తుంది?" చెప్పేవాళ్ళు.

"మరి నువ్వు పడుకున్నావా?"

"ఇన్నాళ్ళకి నన్నడిగావా పిన్నీ!" అని ఒక కోడలు ఆమె భుజం మీదే నిద్రపోయింది.

అలా నిద్రలేని ప్రతి ఇంటికీ చాపలో ఒక ఎర్రపోగు వేసింది. ఏడాది తిరిగేసరికి చాప సగం ఎర్రబడింది. దాన్ని ఆ సీమనేలే దొర దగ్గరికి పట్టుకెళ్ళింది.

"బాబూ, ఒక్కో పోగు ఒక్కో ఇల్లు. రోజుకొక్క జాము ఆ ఇంటికి ఒక మనిషిని పంపండి. చూసుకునేవాళ్ళు కాస్త పడుకుంటారు."

"పనితనం బాగుందే!" అని దొర దాన్ని పరిచి కూర్చున్నాడు.

రెండో ఏడు, రెండో చాప. "ముసలాళ్ళ బాధంటే సరే. కోడళ్ళ నిద్ర నాకెందుకే?" అని గుమ్మానికి తెరగా కట్టించాడు.

మూడో ఏడు, మూడో చాప. మొత్తం ఎరుపే. దొర మురిసిపోయి సభ పెట్టించాడు. పండితుల్ని ఆ చాప మీదే కూర్చోబెట్టి, వృద్ధసేవ గొప్పతనం మీద మూడు రోజులు వాదింపజేశాడు. శాలువాలు కప్పాడు.

"ఇంతమంది కూర్చున్నారు, కిందకి చూసినవాడు ఒక్కడూ లేడు" అని అసిరమ్మ గుమ్మం బయట తుపుక్కున ఉమ్మి వచ్చేసింది.

ఏళ్ళు గడిచాయి. అసిరమ్మకే మరపు పట్టింది. తిన్న అన్నం మరిచింది, ఊరి పేరు మరిచింది, తన పేరు మరిచింది. ఆ మూడో మాట మాత్రం మరవలేదు. దారినపోయే ప్రతివాళ్ళనీ "పడుకున్నావా?" అనడిగేది.

"ఇప్పుడే లేచానే ముసలీ, ఇంక నువ్వు పడుకో!" అని నవ్వేవాళ్ళు.

ఆమెని చూసుకునేది చెల్లెలి కూతురు నూకాలు ఒక్కతే. "ఒక్క జాము వచ్చి కూర్చోండమ్మా" అని మూడిళ్ళు అడిగింది. మొదటింట్లో పెళ్ళి. రెండో ఇంట్లో కోతలు. మూడో ఇంట్లో తలుపే తియ్యలేదు.

ఆ మధ్యాహ్నం నూకాలు కూర్చున్నచోటే కునికింది. అసిరమ్మ తుంగ కోసుకోవడానికి ఏట్లోకి దిగింది. తుంగ కొయ్యడం గుర్తుంది. లోతు ఎక్కడో గుర్తులేదు.

పోయాక అందరికీ గుర్తొచ్చింది. మహాతల్లి అంది ఊరు.

అప్పట్నించీ ఆ ఏటి పొడుగునా, మరపు పట్టిన పెద్దలున్న ఇంటి గుమ్మానికి ఎర్రపోగు చాపముక్క కడతారు. దారినపోయేవాళ్ళు ఆగి, దాన్ని కళ్ళకద్దుకుని, "పడుకున్నావా అమ్మా?" అని బయటినుంచే అడగాలి. అడుగుతారు. లోపలి మనిషి, కళ్ళు మండుతున్నా సరే, "ఆ, పడుకున్నాను" అనాలి. అంటుంది. వాళ్ళు వెళ్ళిపోతారు.

ఎక్కడో ఏ వందో ఇంటికో ఒకావిడ చెప్పులు విప్పి లోపలికొస్తుంది. "అబద్ధాలాడకే. ఆ రోకలి ఇలా ఇచ్చి నడుం వాల్చు" అంటుంది.

అసిరమ్మ గుర్తున్నది ఆవిడ ఒక్కదానికే.