పాలు పొంగని వంటశాల

సింగవరం రాజ్యం ఎక్కడుందని అడక్కండి గాని, దాన్నేలిన కీర్తిభూపాలుడికి తెల్లసున్నమంటే ప్రాణం. కొత్త కోట కట్టించి గోడలన్నీ ధగధగలాడించాడు. పొగచారలు పడతాయని వంటశాలకు ఒక్క కిటికీ పెట్టనివ్వలేదు. ఉన్న ఒక్క తలుపూ లోపలికి తెరుచుకునేది.

పెద్ద వంటలక్క అచ్చాయమ్మ ఆస్థాన విదూషకుడు కొండుభట్టు దగ్గరికి వచ్చింది.

“ఒక్క పొయ్యి రాజేసి చూశాం స్వామీ. మా చెల్లెలు సొమ్మసిల్లి పడిపోయింది. ఎల్లుండి నుంచి అన్ని పొయ్యిలూ వెలిగించాలంట. మేం బతకం.”

కొండుభట్టుకు ఒళ్ళు మండింది. నేరుగా సభకు వెళ్ళి, వంటశాలకు కిటికీ పెట్టించమన్నాడు.

“నా గోడకు మసి పూస్తావా?” అన్నాడు రాజు. “పొగకు భయపడేవాళ్ళు వంట మానుకోవచ్చు. మళ్ళీ కిటికీ మాటెత్తితే నిన్ను దేశం దాటిస్తాను.”

మంత్రి తలూపాడు. కోట కట్టిన స్థపతి ఇంకా గట్టిగా ఊపాడు. ఆ ఊపుళ్ళు చూశాక కొండుభట్టుకు భయం పోయి పంతం వచ్చింది.

“ఎత్తను ప్రభూ. కానీ కొత్తింట పాలు పొంగించేది ఇంటి యజమానే కదా? పొంగేదాకా పొయ్యి దగ్గర్నుంచి లేవకూడదంటారు. తమరే కూర్చుంటే కోటకు శుభం. మంత్రిగారూ స్థపతిగారూ పక్కనుంటే నిండుగా ఉంటుంది.”

రాజు పొంగిపోయాడు. “నేనే కూర్చుంటాను” అన్నాడు.

మర్నాడు పట్టుబట్టలు కట్టి, పరివారంతో వంటశాలలోకి వెళ్ళాడు. దిష్టి తగులుతుందని తలుపు తనే మూయించాడు. గుండిగ నిండా పాలు. కట్టెలంటుకున్నాయి. పాలు వేడెక్కేలోపే గది పొగతో నిండింది. ముందు మంత్రి దగ్గాడు, తర్వాత స్థపతి, ఆపైన అందరూ. ఒక్కసారిగా వెళ్ళి తలుపు మీద పడ్డారు. అంతమంది ఆనుకుని తోస్తుంటే లోపలికి తెరుచుకునే తలుపు ఏం తెరుచుకుంటుంది?

కొండుభట్టు మాత్రం కళ్ళనీళ్ళు కారుతున్నా రాజు పక్కనుంచి కదల్లేదు.

“ఇంకా పొంగలేదు ప్రభూ.”

“పాలు తగలెయ్. ఎవరక్కడ, గోడ పగలగొట్టండి” అని అరిచాడు రాజు.

కొండుభట్టు ముందే చెప్పి ఉంచినట్టు, గోడ అవతల అచ్చాయమ్మ, ఆమె మనుషులూ గునపాలు పట్టుకుని సిద్ధంగానే ఉన్నారు. నాలుగు దెబ్బలకు గోడకు కంత పడింది. పొగ బయటికి పోయింది, గాలి లోపలికొచ్చింది.

“కిటికీ నేను పెట్టమనలేదు” అన్నాడు కొండుభట్టు, ఉత్తరీయంతో ముఖం తుడుచుకుంటూ. “తమరే పెట్టించారు.”

రాజు కోపంగా చూశాడు. మసి మొహంతో తలుపుకు అంటుకుపోయిన స్థపతి కంటపడగానే నవ్వాగలేదు. మెడలో హారం తీసి ఇవ్వబోయాడు.

“హారం తర్వాత ప్రభూ. ముందు ఆ తలుపు బయటికి తెరుచుకోవాలి. ఈ కంతకు చట్రం బిగించాలి. అంతవరకూ ఇక్కడ పొయ్యి వెలగదు.”

ఆ మాటలో బతిమాలడం లేదు. రాజు సరేనన్నాడు, స్థపతి చేతనే ఆ పని చేయించాడు, కొండుభట్టు మెళ్ళో హారమూ వేశాడు.

నెల తిరక్కుండా కిటికీ పైన తెల్లగోడ నల్లబడింది. ఒక భటుడు సున్నం బాల్చీ తెస్తే రాజు వద్దన్నాడు.

“ఉండనీ. లోపల మనుషులున్నారని తెలుస్తోంది.”